బందరు గుడ్డకు తెలిసిన ఆఫ్రికా

(పింగళి వెంకయ్య స్మారకోపన్యాస పాఠం, పెడన)



పింగళి వెంకయ్య పేరు వినగానే ఎవరికైనా జెండా గుర్తొస్తుంది. జాతీయ పతాకం ఎలా ఉండాలో చెబుతూ 1916లో ఆయన ఒక పుస్తకమే వేశారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల వేళ గాంధీజీ చేతికి జెండా నమూనా అందించారు. కాంబోడియా పత్తి మీద పరిశోధన చేసినందుకు జనం ఆయన్ను పత్తి వెంకయ్య అన్నారు. జపనీస్ భాష నేర్చుకున్నందుకు జపాన్ వెంకయ్య అన్నారు. వజ్రాల గనుల వెంట తిరిగినందుకు డైమండ్ వెంకయ్య అన్నారు. ఇన్ని పేర్లు పెట్టిన కృష్ణా జిల్లా ఆయన్ను ఆఫ్రికా వెంకయ్య అని మాత్రం పిలవలేదు. భట్లపెనుమర్రులో పుట్టిన ఈయన యౌవనంలో బ్రిటిష్ సైన్యంలో చేరి, బోయర్ యుద్ధ కాలంలో దక్షిణాఫ్రికా వెళ్లారు. గాంధీని మొదట కలుసుకున్నదీ అక్కడే.

ఆయన జీవితచరిత్రల్లో ఆఫ్రికా ఒకటి రెండు వాక్యాల్లో ముగిసిపోతుంది. ఓడ దిగారు, గాంధీని కలిశారు, తిరిగి వచ్చారు. ఆ నేల మీద అప్పటికి ఎవరున్నారు, ఏ భాషలు మాట్లాడేవారు, ఆ యుద్ధం వాళ్లను ఏం చేసింది అన్న ఊసే ఉండదు. తెలుగునాట ఆఫ్రికా గురించి ఉన్న అపోహలన్నీ దాదాపు ఈ ఖాళీలోంచే పుట్టాయి. సముద్రానికి అవతలి ఒడ్డు గనుక తెలియలేదనుకుందామంటే, ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ రెండువేల ఏళ్ల ఇచ్చిపుచ్చుకోళ్లున్నాయి. తెలిసిన దాన్ని మరిచిపోయి, మూడోవాడు చెప్పిన కథను నమ్మడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఈ ఉపన్యాసం చెప్పదలచింది అదే.

యుద్ధంలో లేనివాళ్లు

1899 నుంచి 1902 దాకా సాగిన బోయర్ యుద్ధాన్ని చాలాకాలం తెల్లవాళ్ల కొట్లాటగానే రాశారు. ఒకవైపు ఇంగ్లీషు సైన్యం, మరోవైపు డచ్చి సంతతి రైతులు. నిజానికి అందులో లక్ష మందికి పైగా నల్లజాతివారు బండ్లు తోలారు, కందకాలు తవ్వారు, వేగు నడిపారు, తుపాకీ కూడా పట్టారు. బ్రిటిష్‌వారు పెట్టిన నిర్బంధ శిబిరాల్లో చనిపోయిన బోయర్ స్త్రీలు, పిల్లల లెక్క ప్రపంచానికి తెలిసింది. నల్లవారి కోసం విడిగా పెట్టిన శిబిరాల సంగతి దశాబ్దాల పాటు ఎవరూ ఎత్తలేదు. అక్కడ నమోదైన మరణాలే 14,000 దాటాయి. అసలు సంఖ్య 20,000కు పైనే ఉంటుందని చరిత్రకారులు లెక్కగట్టారు.

ఆ యుద్ధంలో మాఫెకింగ్ పట్టణాన్ని బోయర్లు ఏడు నెలలు ముట్టడించారు. కోర్టులో దుబాసీగా పనిచేసే సోల్ ప్లాట్యే అనే త్స్వానా యువకుడు ఆ పట్టణంలో ఉండి రోజువారీ డైరీ రాశాడు. ఆ డైరీ అచ్చయింది 1973లో. ఆ యువకుడే 1912లో, తరవాతి కాలంలో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌గా మారిన సంస్థకు తొలి ప్రధాన కార్యదర్శి అయ్యాడు. ఆఫ్రికాకు గొంతు లేదన్న మాట నిజం కాదు. ఆ గొంతు అచ్చుకెక్కడానికి డెబ్బయి ఏళ్లు పట్టింది, అంతే.

వెంకయ్య వెళ్లేనాటికే అక్కడ తెలుగువాళ్లున్నారు. మద్రాసు రేవు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలను మోసుకెళ్లిన మొదటి ఓడ అదే. 1911 వరకు మొత్తం 1,52,184 మంది అలా వెళ్లారు. వాళ్లలో ఎక్కువమంది మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్లిన తమిళులు, తెలుగువారు. బోయర్ యుద్ధంలో గాంధీ నడిపిన అంబులెన్స్ దళంలో సుమారు 1,100 మంది ఉంటే, అందులో ఎక్కువమంది ఈ ఒప్పంద కూలీలే. దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ 1931లో పుట్టింది. పది దశాబ్దాలకు దగ్గరపడుతున్న ఆ సంఘం ఊసు కృష్ణా జిల్లా బడుల్లో ఎక్కడా వినబడదు.

అట్లాసులో కురచబడిన ఖండం

బడి గోడ మీద వేలాడే ప్రపంచ పటంలో గ్రీన్‌లాండ్, ఆఫ్రికా ఇంచుమించు ఒకే సైజులో కనబడతాయి. 1569లో మెర్కేటర్ నావికుల కోసం గీసిన పద్ధతి అది. దిక్సూచి పట్టుకుని ఓడ నడిపేవాడికి దిక్కు తప్పకుండా ఉంటే చాలు, వైశాల్యం తప్పినా ఫరవాలేదు. ధ్రువాల వైపు వెళ్లే కొద్దీ దేశాలు ఉబ్బిపోతాయి, భూమధ్యరేఖ దగ్గర ఉన్నవి కుదించుకుపోతాయి. అసలు కొలతలో ఆఫ్రికా గ్రీన్‌లాండ్‌కు పద్నాలుగు రెట్లు. చదరపు కిలోమీటర్లలో చెప్పాలంటే ఆఫ్రికా వైశాల్యం సుమారు 3 కోట్ల 3 లక్షలు, భారతదేశానిది 33 లక్షలు. భారతదేశం, చైనా, అమెరికా మూడింటినీ అందులో పరిచినా మరో రెండు భారతదేశాలకు సరిపడా చోటు మిగులుతుంది. పాత పటాన్ని మార్చాలన్న ప్రచారానికి 2025 ఆగస్టులో ఆఫ్రికన్ యూనియన్ మద్దతు ప్రకటించింది.

అంత నేలకు ఒకే వాతావరణం, ఒకే మనిషి, ఒకే బతుకు అంటగట్టడం వింత. ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వం ఉన్న ఆఫ్రికా దేశాలే 54. భాషలు సుమారు రెండువేలు. ఒక్క నైజీరియాలోనే 500కు పైగా భాషలున్నాయి. ఇథియోపియా రాజధాని ఆడిస్ అబాబా సముద్రమట్టానికి 2,300 మీటర్ల పైన ఉంటుంది. పెడన ఎండకు అలవాటుపడ్డవాడు అక్కడికి వెళితే సాయంత్రానికి స్వెటర్ వెతుక్కోవాలి. 5,895 మీటర్ల కిలిమంజారో శిఖరం మీద మంచు ఉంటుంది. దక్షిణాఫ్రికా నడుమనున్న లెసోతోలో చలికాలం వస్తే మంచు మీద జారే ఆట ఆడతారు. సహారా ఎడారి నిజం, కాంగో అడవి నిజం. కాని ఈ రెంటిలోనూ లేని ఆఫ్రికన్లే ఎక్కువ.

లిపి లేని ఖండం అన్న మాట కూడా తరచు వినబడుతుంది. ఇథియోపియా, ఎరిత్రియా దేశాల్లో వాడే గీజ్ లిపి పదిహేను శతాబ్దాలకు పైబడినది. అందులో హల్లు ఆకారం అచ్చును బట్టి మారుతుంది. కా, కి, కు దిద్దిన తెలుగు పిల్లలకు ఆ పట్టిక చూపిస్తే గుణింతమే అంటారు. లైబీరియాలో వాయి జాతివారు 1830లలో సొంత లిపి తయారుచేసుకున్నారు. పశ్చిమ ఆఫ్రికాలో 1949లో పుట్టిన ఎన్కో లిపిలో ఈనాటికీ పుస్తకాలు వస్తున్నాయి.

ఉత్తర భారతంలో వింధ్యకు దిగువన ఉన్నవాళ్లందరినీ మద్రాసీలంటే తెలుగువాడికి ఒళ్లు మండుతుంది. కాళహస్తి కలం పనినీ పెడన అచ్చు పనినీ ఒకే గాట కట్టి కలంకారీ అనేస్తే ఇక్కడి కార్మికులు ఊరుకోరు. టేకు చెక్క మీద అచ్చు చెక్కేవాడి పనితనం వేరు, వెదురు కలంతో గీసేవాడి పనితనం వేరు అని వివరించి చెబుతారు. కాని అదే ఇంట్లో కుర్రాడు టాంజానియాలోని దార్ ఎస్ సలాంలో ఉద్యోగానికి వెళితే ‘మావాడు ఆఫ్రికాలో ఉన్నాడు’ అంటారు. అమెరికా వెళ్లినవాడు డల్లాస్‌లో ఉన్నాడా, న్యూజెర్సీలో ఉన్నాడా అన్నది వీధి చివరి కిళ్లీకొట్టు దాకా తెలుసు.

గుడ్డ వెళ్లిన దారి

ఒకటో శతాబ్దంలో పేరు తెలియని గ్రీకు నావికుడొకడు ఎర్రసముద్రం మొదలుకొని హిందూ మహాసముద్రపు రేవుల గురించి ఒక కరదీపిక రాశాడు. అందులో నేటి ఎరిత్రియా తీరంలోని అదులిస్ ఉంది, తూర్పు ఆఫ్రికా తీరంలోని రప్తా ఉంది, సన్నని నూలుగుడ్డలు విరివిగా తయారయ్యే మసలియా ఉంది. ఆ మసలియా ఈ కృష్ణా ముఖద్వారపు సీమే. రెండువేల ఏళ్ల కిందట ఒక వ్యాపారి చేతిపుస్తకంలో ఆఫ్రికా, బందరు సీమ ఇరుగుపొరుగు పుటల్లో ఉన్నాయి.

గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో బందరు పెద్ద రేవు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఇక్కడ కొఠీలు తెరిచారు. చిరివేరు ఎరుపు, నీలిమందు, కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేసిన నూలు మీద వేసిన అద్దకాలు పర్షియాకూ, సయాంకూ, జావాకూ వెళ్లాయి. కోరమండల్ తీరపు నూలు సరుకులో మరో పాయ పశ్చిమ ఆఫ్రికా వైపు సాగింది. యూరప్ వర్తకులు దాన్ని గినీ గుడ్డ అనేవారు.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పుకోవాలి. అలెక్స్ హేలీ 1976లో రాసిన ‘రూట్స్’ నవల, సహవాసి చేసిన అనువాదంలో ‘ఏడు తరాలు’గా తెలుగునాట ఇంటింటికీ చేరింది. గాంబియాలోని జఫూరే గ్రామం నుంచి అమెరికాకు బానిసగా వెళ్లిన కుంటా కింటే కథ చదివి కంటతడి పెట్టని తెలుగు పాఠకుడు లేడు. ఆ కాలంలో బానిసల్ని కొనడానికి యూరప్ ఓడలు పశ్చిమ ఆఫ్రికాకు మోసుకెళ్లిన సరుకులో భారతీయ నూలుగుడ్డ ప్రధానమైనది. నేసినవాడికి ఆ గుడ్డ ఏం కొనబోతోందో తెలియదు. అతని చేతికి దక్కింది కూలి మాత్రమే. అయినా ఆ లెక్కల పుస్తకంలో కోరమండల్ మగ్గం పేరుంది. దారి రెండోవైపు కూడా నడిచింది. కరువు రోజుల్లో ఈ తీరం నుంచి మనుషుల్ని కొని డచ్చి కంపెనీ అమ్ముకుంది. అలా కేప్‌టౌన్ చేరిన బానిసల్లో కోరమండల్ తీరం వాళ్లూ ఉన్నారు.

రంగు పూసలూ, పనికిరాని గుడ్డపీలికలూ చూపించి అమాయకుల్ని మోసగించారన్నది ఆ వ్యాపారం గురించి ప్రచారమైన మరో కథ. వర్తకుల ఉత్తరాలు చూస్తే కథ తిరగబడుతుంది. ఫలానా రేవులో ఫలానా రంగే కావాలంటారు, గళ్లు తేడా వస్తే సరుకు వెనక్కి పంపుతారు, ఈ ఏడు నచ్చింది వచ్చే ఏడు నచ్చదు అని ఆ వర్తకులు మొత్తుకున్నారు. మాంచెస్టర్ మిల్లులు భారతీయ గుడ్డను అనుకరించి పంపితే, నకిలీ అని గుర్తుపట్టి కాదన్న కొనుగోలుదార్లు ఆ ఆఫ్రికన్లు.

అటువంటి కొనుగోలుదార్లకు మంచి ఉదాహరణ నైజర్ డెల్టాలోని కలబరి ప్రజలు. నైజీరియా దక్షిణాన నది సముద్రంలో కలిసేచోట, మడ అడవుల మధ్య దీవుల మీద వాళ్ల ఊళ్లు. బుగుమా, అబొనెమా వాటిలో పెద్దవి. పడవల రాకపోకలు, చేపలవేట, ఉప్పునీటి పాయలు చూస్తే దివిసీమ మనిషికి కొత్తగా ఏమీ అనిపించదు. తరతరాలుగా వాళ్ల పుట్టుకలోనూ చావులోనూ తప్పనిసరి అయిన గుడ్డ ఒకటుంది. దాన్ని ‘ఇంజిరి’ అంటారు. అది భారతదేశం నుంచి వెళ్లిన గళ్ల రుమాలు. మద్రాసు రుమాలు అన్న పేరుతో ఎగుమతి అయిన ఈ సరుకును మద్రాసు చుట్టుపక్కలతోపాటు చీరాల వైపు తెలుగు నేతగాళ్లూ నేశారు. అసలుదా కాదా అన్నది కలబరి పెద్దలు తాకి, వాసన చూసి తేల్చేవారు. ఆడవాళ్లు ఆ గళ్ల గుడ్డలో ఎంచిన పోగుల్ని కత్తిరించి లాగేసి, కొత్త నమూనా వచ్చేలా చేస్తారు. అలా తయారైన గుడ్డను ‘పెలెతె బితె’ అంటారు. నేతగాడు పేకతో కలిపిన దాన్ని మరొక డెల్టాలో ఒకామె కత్తి మొనతో తీసి తన సంతకం పెడుతుంది. పెద్దవాళ్లెవరైనా పోతే ఇంట్లో మంచాలను ఆ గుడ్డలతో అలంకరిస్తారు. చీరాల మగ్గం మీద ఆ రుమాలు నేసిన చాలామందికి అది ఎక్కడికి వెళుతుందో, ఎవరు కట్టుకుంటారో తెలియకుండానే జీవితం గడిచిపోయింది.

ఇప్పుడు ప్రపంచమంతా ఆఫ్రికన్ ప్రింటు అని పిలిచే ముదురు రంగుల మైనపు అద్దకం కథ ఇంకా విచిత్రం. జావాలో చేత్తో చేసే బాతిక్‌ను యంత్రం మీద చవగ్గా తయారుచేయాలని డచ్చివారు తలపెట్టారు. నెదర్లాండ్స్‌లోని హెల్మండ్ పట్టణంలో 1846లో మొదలైన విలిస్కో అలాంటి కంపెనీల్లో పేరున్నది. జావా జనం అంతగా మెచ్చని ఆ సరుకు పశ్చిమ ఆఫ్రికాలో పాతుకుపోయింది. ఘనాలోనూ నైజీరియాలోనూ బజారు స్త్రీలు ఒక్కో నమూనాకు సామెతలతో పేర్లు పెట్టి దాన్ని తమ సొంతం చేసుకున్నారు. జావా బాతిక్ మీద కోరమండల్ అద్దకాల ప్రభావం ఉందని వస్త్రచరిత్రకారులు చెబుతారు. అంటే పెడన పనివాడు అదేదో ఆఫ్రికా గుడ్డ అని పక్కన పెట్టే బట్టకు, అతని తాతల చేతిపనికి దూరపు చుట్టరికం ఉంది.

పొలంలో ఉన్న ఆఫ్రికా

ఆఫ్రికాకు వ్యవసాయం తెలియదనీ, ఎవరో నేర్పాలనీ అనుకునేవాళ్లు తెలుగువాళ్ల వంటింట్లోకి వెళ్లి చూస్తే చాలు. జొన్నను మొదట సాగులోకి తెచ్చింది నేటి సూడాన్ ప్రాంతపు రైతులు. సజ్జ పశ్చిమ ఆఫ్రికాలో సహారా అంచున పుట్టింది. రాగి తూర్పు ఆఫ్రికా మెట్టసీమల పంట. సుమారు నాలుగువేల ఏళ్ల కిందటి నుంచి ఇవి ఒకటొకటిగా సముద్రం దాటి ఇటు వచ్చాయి. బొబ్బర్లు కూడా ఆఫ్రికావే. ఆముదం మొక్క తూర్పు ఆఫ్రికాది. చింతచెట్టు సొంత ఊరు కూడా ఆఫ్రికా ఖండమే. పులిహోరలో పులుపు అక్కడిదని ఒప్పుకోవడానికి కృష్ణా జిల్లాలో చాలామందికి మనసొప్పదు. చిరుధాన్యాలను దేశవాళీ తిండి అని ప్రచారం చేసే సంచుల మీద వాటిని మచ్చిక చేసిన రైతుల ఊసు ఉండదు.

బంటుమిల్లి, కృత్తివెన్ను చెరువుల్లో పెంచే చేపపిల్లలకన్నా ఎక్కువగా పుట్టుకొచ్చి రైతును విసిగించే తిలాపియా కూడా ఆఫ్రికా చేపే. అది 1952లో భారతదేశానికి వచ్చింది. పెట్టుబడులతో వచ్చిన నాగరికత అనుకునే ఆక్వాలో కూడా ఆ ఖండం ఈదుతూనే ఉంది.

మనుషులూ వచ్చారు. ఇథియోపియాలో పుట్టి, బానిసగా చేతులు మారి దక్కను చేరిన మాలిక్ అంబర్ అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపి, మొగలు సైన్యాలను ఏళ్ల తరబడి నిలవరించాడు. 1626లో చనిపోయాడు. హైదరాబాదులోని ఏసీ గార్డ్స్ పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వికదళం వల్ల వచ్చింది. ఆ దళంవారి సంతతి ఇప్పటికీ అక్కడ తెలుగు, ఉర్దూ మాట్లాడుతూ బతుకుతోంది. హైదరాబాదు పెళ్లి ఊరేగింపుల్లో మోగే మర్ఫాలో ఆ వారసత్వపు దరువుంది. ఆఫ్రికాకు, తెలుగు నేలకు మధ్య సంబంధం కొత్తగా విద్యార్థి వీసాలతో మొదలైందనుకునేవారు అటు ఒకసారి నడిచి రావచ్చు.

ఖాళీ నేల అనే భ్రమ

అన్ని అపోహల్లోకీ ఖరీదైనది ఒకటుంది. ఆఫ్రికాలో కావలసినంత నేల ఊరికే పడి ఉంది, వెళ్లి దున్నుకోవడమే తరువాయి అన్నది. ఈ మాట కొత్తది కాదు. దక్షిణాఫ్రికాలో తెల్ల ప్రభుత్వం చేసిన 1913 నాటి భూమి చట్టం దేశంలో అత్యధిక సంఖ్యాకులైన నల్లవారికి సుమారు ఏడు శాతం నేల మాత్రమే వదిలింది. తాము వచ్చేనాటికి అక్కడ ఎవరూ లేరన్న కథ ఆ చట్టానికి అండగా నిలిచింది.

వంద ఏళ్ల తరవాత అదే కథను భారతీయ పెట్టుబడి కూడా నమ్మింది. బెంగళూరు కేంద్రంగా నడిచే ఒక పూల కంపెనీ పశ్చిమ ఇథియోపియాలోని గాంబెల్లా ప్రాంతంలో లక్ష హెక్టార్లు కౌలుకు తీసుకుంది. ఆ నేల ఖాళీగా కనబడింది గాని ఖాళీగా లేదు. అనువాక్ రైతులు పంటలు మార్చి మార్చి వేసుకునే భూములవి, నువేర్ పశువుల కాపరుల మేతబయళ్లవి. పైగా బారో నది పొంగితే అవి నది దారి. 2011 వరదకు మొక్కజొన్న మునిగింది. తీసుకున్న నేలలో కొద్దిపాటి భాగమే సాగులోకి వచ్చింది. 2015 చివర్లో ప్రభుత్వం కౌలు రద్దు చేసింది. ఏటి లంకలో ఏ ఏడు పంట వేయాలో, ఎక్కడ ఇల్లు కట్టకూడదో తెలిసిన దివిసీమ రైతును ఒక్కణ్ణి ముందే అక్కడికి తీసుకెళ్లి ఉంటే, ఇది ఏటి పాలు అని చూడగానే చెప్పేవాడు. 1977 నవంబరు 19న సముద్రం ఎంత దూరం లోపలికి వచ్చిందో చూసిన సీమ ఇది.

జబ్బు, డబ్బు, పులి

ఆఫ్రికాలో పులులు లేవు. సింహాలున్నాయి, చిరుతలున్నాయి, చీతాలున్నాయి. ఎనిమిది చీతాలను 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కునోలో వదిలారు. అయినా టార్జాన్ బొమ్మలు చూసి పెరిగిన తరానికి ఆఫ్రికా అడవిలో పులి గాండ్రించకపోతే తోచదు. ఇది నవ్వి ఊరుకునే పొరపాటు. నవ్వులాటకు కుదరనివి కొన్నున్నాయి.

2014లో గినియా, లైబీరియా, సియెరాలియోన్ దేశాల్లో ఎబోలా విజృంభించింది. ఆ దెబ్బకు కెన్యా, టాంజానియాల్లో పర్యాటకుల రాక తగ్గింది. సియెరాలియోన్ రాజధాని ఫ్రీటౌన్ నుంచి కెన్యా రాజధాని నైరోబీకి 5,000 కిలోమీటర్లకు పైగా దూరం. బందరులో కలరా వస్తే బాగ్దాద్ ప్రయాణం మానుకోవడం కన్నా హాస్యాస్పదమైన సంగతి అది. అదే సమయంలో కోటికి పైగా జనం ఉన్న లాగోస్ నగరానికి ఎబోలా వచ్చింది. నైజీరియా ఆరోగ్య సిబ్బంది రోగితో కలిసినవారిని ఒక్కొక్కరినే వెతికి పట్టుకుని, 20 కేసుల దగ్గర దాన్ని ఆపేశారు. అక్టోబరు 20న ప్రపంచ ఆరోగ్య సంస్థ నైజీరియా ఎబోలా నుంచి బయటపడిందని ప్రకటించింది. మొదటి వార్త చదివిన వాళ్లలో ఈ రెండోది గుర్తున్నవారు అరుదు.

సెల్‌ఫోన్‌తో డబ్బు పంపడం భారతదేశపు ఘనత అనుకుంటారు. 2016లో యూపీఐ వచ్చింది. దానికి తొమ్మిదేళ్ల ముందు, 2007లో, కెన్యాలో ఎం-పెసా మొదలైంది. బ్యాంకు ఖాతా లేని కూరగాయల ఆమె కూడా మామూలు కీప్యాడ్ ఫోన్‌తో ఊళ్లోని తల్లికి డబ్బు పంపింది.

ఇంతమాత్రాన ఆఫ్రికా అంతా వెలిగిపోతోంది అనడమూ అపోహే అవుతుంది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు, 1967లో, బోట్స్వానాలో వజ్రాలు దొరికాయి. ఆ రాబడిని ప్రభుత్వం రోడ్లకూ బడులకూ మళ్లించింది, దేశం పేద దేశాల జాబితా నుంచి బయటపడింది. ప్రపంచంలో తవ్వే కోబాల్టులో మూడింట రెండు వంతులకు పైగా కాంగో ప్రజాస్వామ్య గణతంత్రానిదే. అక్కడి తూర్పు ప్రాంతాల్లో తుపాకుల మోత ఆగలేదు. 2023 ఏప్రిల్లో మొదలైన సూడాన్ యుద్ధం కోటి మందికి పైగా జనాన్ని ఇళ్లు వదిలేలా చేసింది. బోట్స్వానాను చూసి సూడాన్‌ను మరవడం, సూడాన్‌ను చూసి బోట్స్వానాను తోసిపుచ్చడం రెండూ ఒకే బద్ధకం.

అపోహలు చేసే పని

2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో ఒక కుర్రాడు చనిపోయాడు. పొరుగునున్న నైజీరియా విద్యార్థులు మాదకద్రవ్యం ఇచ్చారని కొందరు, మనుషుల్ని తింటారని మరికొందరు పుకారు లేపారు. తరవాత మూక ఆఫ్రికన్ విద్యార్థుల మీద పడి కుర్చీలతో కొట్టింది. ఢిల్లీలోని ఆఫ్రికా దేశాల రాయబారులు దీన్ని జాతివివక్ష అంటూ ఉమ్మడి ప్రకటన చేశారు. నరమాంస భక్షకుల కథ ఏ చందమామ కథల కాలంలోనో ఆగిపోలేదని ఆ రోజు తేలింది.

ఈ విషయంలో గాంధీజీ కూడా మొదట్లో తన కాలానికి పైన లేరు. దక్షిణాఫ్రికాలో తొలినాళ్లలో ఆయన రాసినవాటిలో నల్లవారిని కించపరిచే మాటలున్నాయి. ఆ కారణంగానే, 2016లో ఘనా విశ్వవిద్యాలయంలో నిలిపిన ఆయన విగ్రహాన్ని అక్కడి అధ్యాపకులూ విద్యార్థులూ పట్టుబట్టగా 2018 డిసెంబరులో తీసేశారు. తరవాతి జీవితంలో ఆయన మారారు. మండేలా ఆయన్ను గురువుగా తలచారు. ఈ రెండు సంగతులూ కలిపి చెప్పినప్పుడే బోయర్ యుద్ధం నాటి గాంధీ, వెంకయ్య కూడా సరిగ్గా అర్థమవుతారు.

తెలుగు పాఠకుడికి దారి లేకపోలేదు. కెన్యా రచయిత గూగీ వా థియాంగో జైల్లో ఉండి గికుయు భాషలో రాసిన నవలను, వరవరరావు కూడా జైల్లో ఉండే తెలుగు చేశారు. అది ‘మట్టికాళ్ల మహారాక్షసి’. జాంజిబార్‌లో పుట్టిన అబ్దుల్ రజాక్ గుర్నా 2021లో నోబెల్ అందుకున్నారు. ఆయన కథల్లో భారతీయ వర్తకులూ, హిందూ మహాసముద్రపు రేవులూ కనబడతాయి. ఉగాదికి సెలవిచ్చే దేశం మారిషస్. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిందీ అక్కడే. ఆ దేశం ఆఫ్రికన్ యూనియన్ సభ్యదేశం అన్న సంగతి ఆ మహాసభల గురించి చెప్పేటప్పుడు ఎవరికీ తట్టదు.

వెంకయ్య పేరు మీద జరిగే సభ గనుక ఆయన ఊరివారికీ, జిల్లావారికీ చేసే మనవి ఇంతే. విశాఖలోనూ, గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల కళాశాలల్లోనూ ఆఫ్రికా దేశాల విద్యార్థులు చదువుతున్నారు. వాళ్లలో ఒకరిద్దరినైనా పెడన పిలవండి. అచ్చు వేసే బల్లల దగ్గరికి తీసుకెళ్లండి, ఏ దేశం, ఏ ఊరు, ఏ భాష అని అడగండి. వాళ్లింట్లో ఏ గుడ్డ కడతారో చెప్పించుకోండి. జిల్లా పరిషత్ బడుల్లో మెర్కేటర్ పటం పక్కన వైశాల్యాలు సరిగ్గా చూపే పటం ఒకటి తగిలించండి. బందరు చరిత్ర రాసే వాళ్లు డచ్చి, ఇంగ్లీషు కొఠీల దగ్గర ఆగకుండా ఆ గుడ్డ చేరిన అబొనెమా దాకా రాయండి. దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభకు 2031లో వందేళ్లు నిండుతాయి. ఆ వేడుకకు కృష్ణా జిల్లా నుంచి వెళ్లేవారు తెలుగువాళ్లను పలకరించి వచ్చేయకుండా, వాళ్లతో ఆ నేలను పంచుకున్న జులూలనూ చూసి, వాళ్ల మాటా విని రావాలి.